పేజీలో అట్లా లేదు, మేడం

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే, కాదనను. కానీ ఊరికే రాదు. కళ్లెదురుగా కంప్యూటర్ తెర మీద కనిపిస్తున్నదాన్ని పక్కనపెట్టి, ఎవరో ఎక్కడో రాసిన పేజీని పట్టుకుని "ఇదే నిజం" అనేవాళ్లను చూస్తే వస్తుంది. అట్లా ఒకసారి వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

నరసరావుపేటలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా కాలేజీల్లో ప్రాక్టికల్ పరీక్షకు ఒక పద్ధతి ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకు గుర్తుచేస్తే తల పట్టుకుని నవ్వుతారు. పరీక్ష కంప్యూటర్ మీదే, కానీ విద్యార్థి ముందు కంప్యూటర్ ముట్టుకోకూడదు. బల్ల దగ్గర కూర్చుని ప్రోగ్రామంతా కాగితం మీద రాయాలి. దాన్ని నడిపితే తెర మీద ఏం వస్తుందో, ఆ అవుట్‌పుట్ కూడా ముందే రాసేయాలి. దీన్ని రైటప్ అంటాం. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ రైటప్ చూసి సంతకం పెడితేనే కంప్యూటర్ దగ్గరకు పంపుతారు. సంతకం పడకపోతే ఆ పూటకు కథ ముగిసినట్టే. పొయ్యి వెలిగించక ముందే కూర రుచి ఎట్లా ఉందో రాసివ్వమన్నట్టు ఉంటుంది. నేనూ అట్లాగే రాసి పాసయ్యాను, ఇప్పుడు అట్లాగే రాయిస్తున్నాను.

మా ల్యాబ్ సిలబస్‌లో ఒక లైబ్రరీ ఉంది. లైబ్రరీ అంటే పుస్తకాలు ఉండే చోటు కాదు, ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ ప్రోగ్రాముల మూట. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి, జీతం భత్యం లేకుండా దాన్ని నడుపుతున్నారు. దాన్ని ఎట్లా వాడాలో చెప్పే పేజీలు కూడా వాళ్లే రాస్తారు. దాన్నే డాక్యుమెంటేషన్ అంటాం. అందులో జాబితాను వరుసలో పెట్టే కమాండ్ ఒకటి ఉంది. దాని గురించి పేజీలో ఏం రాశారంటే, పాత జాబితా ఉన్నది ఉన్నట్టే ఉంటుందట, వరుసలో పెట్టిన కొత్త జాబితా వేరేగా వస్తుందట. శుద్ధ తప్పు. ఆ కమాండ్ పాత జాబితానే అటూ ఇటూ కదిపేస్తుంది, పాత వరుస ఇక దొరకదు.

మా పిల్లలకు నేను దీన్ని మిరపకాయలతో చెబుతాను. కల్లంలో రాశి పోశారు, ఆడవాళ్లు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరారు, సాయంత్రానికి పొద్దుటి రాశి అట్లాగే ఉంటుందా అని అడుగుతాను. వెనక బెంచీలో నిద్రపోయేవాడు కూడా "ఎందుకుంటది మేడం" అంటాడు. ఈ కమాండ్ కూడా ఆ రాశిలోనే చేయి పెడుతుంది, పేజీలో ఉన్నది తప్పు అని చెప్పి, అక్కడికక్కడే నడిపి చూపిస్తాను. ప్రతి ఏడూ అదే చెప్పాను, ఎవరూ ఏమీ అనలేదు.

ఒక ఏడు నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. పిడుగురాళ్ల నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల నాన్న సున్నపు బట్టీలో పనిచేస్తాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఉద్యోగం కొట్టింది. వాళ్లింట్లో జీతం కవరు తెచ్చే మొదటి మనిషి తనే కాబోతోంది. కంపెనీవాళ్ల షరతు ఒక్కటే: చేరే రోజుకు అన్ని సబ్జెక్టులూ పాసై ఉండాలి, ఒక్కటి మిగిలినా ఆర్డర్ రద్దు. తనకు మిగిలింది నా ల్యాబ్ పరీక్ష ఒక్కటే. అది తప్పుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పరీక్ష రోజు చిట్టీలు తీయిస్తే ఆ కమాండ్ ప్రశ్న ఆ పిల్లకు పడింది. నేను లోపల సంతోషించాను. తను చకచకా రాసి, పాత జాబితా కూడా మారిపోతుందని అవుట్‌పుట్ రాసి, ఎగ్జామినర్ చేతికిచ్చింది. ఆయన తన సంచిలోంచి ఆ వెబ్‌సైట్ పేజీ ప్రింటు తీశాడు. వేలు పెట్టి చదివాడు. "తప్పు" అన్నాడు.

"సార్, ఒక్కసారి రన్ చేసి చూపిస్తా సార్" అంది తను.

"రైటప్పే తప్పైతే సిస్టమ్ దగ్గరకి ఎట్టా పంపుతానమ్మా?"

నేను లేచి వెళ్లాను. సార్, తను రాసింది కరెక్ట్, పేజీయే తప్పు అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "పేజీలో అట్లా లేదు, మేడం." నా ల్యాప్‌టాప్ తెరిచి, ఆయన కళ్ల ముందే ప్రోగ్రాం నడిపించాను. పాత జాబితా మారిపోయి తెర మీద నిలబడింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. "మీ వర్షన్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది మేడం" అన్నాడు. పేజీలో రాసి ఉన్న వర్షనే నాదీ, చూపించాను. "అయితే మీ ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉందేమో చూపించుకోండి." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎవడేం చేస్తాడు? ఆ పిల్ల కంప్యూటర్ ముట్టుకోకుండానే ఫెయిలై బయటికి వెళ్లింది.

మా హెచ్‌ఓడీ అంటే డిపార్ట్‌మెంట్ పెద్ద. చెడ్డవాడు కాదు, భయస్తుడు. నేను మండిపడుతూ గదిలోకి వెళితే కుర్చీ చూపించి మంచినీళ్లు ఇచ్చాడు. "మేడం, మీరు చెప్పేది నిజమే కావచ్చు. రేపు ఎవరన్నా వచ్చి ఈ మార్కులు ఎందుకు మార్చారని అడిగితే నేనేం చూపించాలి? ల్యాప్‌టాప్ చూపిస్తే ఒప్పుకుంటారా? ఆ పేజీ మార్పించండి. రిజల్ట్స్ యూనివర్సిటీకి పంపేలోపు పేజీ మారితే, ఆ ప్రింటు పెట్టి నేనే మార్కులు సరిచేయిస్తా."

అంటే యంత్రం తన గురించి తాను చెప్పుకుంటే సాక్ష్యం కాదట, దాని గురించి మూడోవాడు రాసింది సాక్ష్యమట. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, ఒకడు తప్పు రాస్తే దాన్ని ప్రింటు తీసుకుని పరీక్షలు పెడుతున్నారు. ఆ మాటే ఆయన మొహం మీద అన్నాను. ఆయన ఇంకో గ్లాసు నీళ్లు పోశాడు.

సరే, పేజీ మార్పించడమే కదా. ఆ పేజీ అడుగున పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: ఇది అందరిదీ, తప్పు కనిపిస్తే ఎవరైనా సరిచేయవచ్చు, మీ రాకే మాకు సంతోషం. నమ్మాను. తప్పు వాక్యం తీసేసి, దాని చోట రెండు ఒప్పు వాక్యాలు రాసి, నడిపి చూపే చిన్న ప్రోగ్రాం కూడా జతచేసి పంపాను. మనిషి చూడకముందే మరమనిషి జవాబు వచ్చింది. నేను నమూనా ప్రకారం శీర్షిక పెట్టలేదట. పెట్టాను. ఒప్పందానికి సమ్మతి తెలపలేదట. తెలిపాను. అప్పుడు ఒక మనిషి వచ్చాడు. "మీరు కొత్తగా నేర్చుకుంటున్నట్టున్నారు. ఇది చాలా ప్రాథమిక విషయం, ముందు మా పాఠాలు చదవండి" అని, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. పదిహేనేళ్లుగా పాఠాలు చెప్పేదాన్ని నేను! మర్యాదగా, పళ్లు నూరుకుంటూ, దయచేసి ఆ ప్రోగ్రాం ఒక్కసారి నడపండి అని రాశాను.

నడిపాడు. ఆ మాటకొస్తే నడిపింది అతనొక్కడే. నడిపి ఏమన్నాడంటే, పేజీలో రాసింది మా ఉద్దేశం, ప్రోగ్రాం అట్లా నడవకపోతే అది ప్రోగ్రాంలో లోపం, ప్రోగ్రాం రాసేవాళ్లకు చెప్పండి. వాళ్ల దగ్గరకు వెళ్లాను. వాళ్లు, మా ప్రోగ్రాం మొదటినుంచీ ఇట్లాగే నడుస్తోంది, తప్పు పేజీది, పేజీవాళ్లకు చెప్పండి అన్నారు. తిరిగి వచ్చాను. ఈలోపు ఇంకొకతను, మీరు ఏ సంస్థ తరఫున అడుగుతున్నారు అన్నాడు. కాలేజీ పేరు రాశాను. దానికి జవాబు లేదు. పొలం హద్దుల కోసం ఈ ఆఫీసుకూ ఆ ఆఫీసుకూ మా తాత తిరిగిన తిరుగుడు చిన్నప్పుడు చూశాను, అది మనకే పట్టిన శని అనుకునేదాన్ని. కాదు, ప్రపంచమంతా అదే వరండా. వాళ్లు జీతం లేకుండా చేస్తున్నారు, ఆ మంచితనానికి దండం పెడతాను. కానీ జీతం లేదని తప్పు ఒప్పైపోతుందా?

ఆ ఆదివారం మా మేనమామ వచ్చాడు. మాచర్ల పక్క పల్లెలో ఒకప్పుడు సర్పంచ్‌గా చేశాడు. పదవి పోయినా పెద్దరికం పోలేదు, ఏ గొడవైనా తన ముందుకు రాకుండా తెగడం ఆయనకు ఇష్టం ఉండదు.

"ఏందమ్మాయ్, మొహం అట్టా పెట్టుకున్నావ్?" అన్నాడు.

మొత్తం చెప్పాను. కమాండ్ సంగతి అర్థం కాకపోయినా, మిరపరాశి సంగతి అర్థమైంది. "ఏరిన రాశి ఏరనట్టు ఎట్టా ఉంటదే? ఏ ఎదవ రాశాడు?" అని నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. మా మామయ్య మీద ఎంత ప్రేమ పుట్టిందో ఆ నిమిషంలో!

"సరే, వాళ్లకి పెద్ద ఎవరు?"

"పెద్ద అంటూ లేడు మామయ్యా. అందరూ కలిసి నడుపుతారు."

"పెద్ద లేకుండా ఏదన్నా నడుస్తదా? ఏదీ, చూపియ్యి." ఫోన్ తీసుకుని దూరంగా పెట్టి చూశాడు. నా సవరణ కింద ఒక బొటనవేలి బొమ్మ ఉంది. "ఇదేంది?"

"ఒప్పుకునేవాళ్లు అది నొక్కుతారు."

"అంటే ఓటే గదమ్మాయ్!"

"ఓటు కాదు మామయ్యా, అదీ..."

"ఎలచ్చన్లు నాకు నువ్వు నేర్పబాక. ఇంతసేపూ కాగితాలు రాసుకుంటా కూర్చున్నావే గానీ, మనోళ్లు నలుగురికి చెప్పావా? ఆ లింకు నాకు పంపు, నువ్వు నిమ్మళంగా ఉండు." ఏదో సరదాకి అంటున్నాడనుకుని పంపాను.

మర్నాడు కాలేజీలో మధ్యాహ్నం ఫోన్ తెరిచి చూశాను. మామయ్య ఊరి వాట్సాప్ గ్రూపు మొత్తం ఆ వెబ్‌సైట్‌లో ఖాతాలు తెరిచింది. బొటనవేళ్లు వరదలా పడ్డాయి. "మేడం చెప్పిందే కరెక్ట్." "మా ఆడపడుచుకు న్యాయం జరగాలి." "మేడం గారి వెంటే మేము." మా పెదనాన్న కొడుకు ఒకడు మామయ్య దండం పెడుతున్న ఫ్లెక్సీ ఫోటో పెట్టాడు. ఎవరో పెద్దాయన తమ వీధి బోరు చెడిపోయింది, అది కూడా చూడమని రాశాడు. సాయంత్రానికి ఆ చర్చకు తాళం వేశారు. ఇది కూడబలుక్కుని చేసిన దాడి అనీ, కారకురాలైన నా ఖాతాను నిలిపేశామనీ ఎర్ర పెట్టెలో నోటీసు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

నేను మామయ్యకు ఫోన్ చేసి గట్టిగా అరిచాను. ఆయన అంతా విని, నాకంటే గట్టిగా అరిచాడు. "నిజం చెప్పడానికి ఊరంతా వస్తే దాడా? అబద్ధం రాసినోడు ఒక్కడు, వాడికి శిక్ష లేదు. నిజమన్నోళ్లందరికీ శిక్షా? ఇదేం న్యాయమమ్మాయ్?" ఆ రోజు మామయ్య చేసిన పనికి నాకు ఒళ్లు మండింది. కానీ ఆ ప్రశ్న మాత్రం నాది కూడా.

రిజల్ట్స్ వెళ్లిపోయాయి. ఆ పిల్ల పేరు పక్కన ఫెయిల్ అని పడింది. సప్లిమెంటరీ ప్రాక్టికల్ పెడతామని, కంపెనీలో చేరే తేదీకి ముందే అది అయిపోతుందని హెచ్‌ఓడీ తనవంతు సాయంగా ఏర్పాటు చేయించాడు. పిల్ల స్టాఫ్‌రూమ్‌కు వచ్చి నా బల్ల పక్కన నిలబడింది.

"మేడం, మళ్లీ ఆ సారే వస్తాడంట. పోయినసారి తప్పిన ప్రశ్నే మళ్లీ ఇస్తాడంట."

"ఇవ్వనీ. నీకు వచ్చుగా."

"ఈసారి పేజీలో ఉన్నదే రాస్తా మేడం."

నాకు చెంప మీద కొట్టినట్టైంది. "తప్పని తెలిసీ రాస్తావుటే?" అన్నాను. గొంతు పెరిగింది, పక్క బల్లల వాళ్లు చూశారు.

తను తల దించుకోలేదు. "మీకు ఉద్యోగం ఉంది మేడం, కోప్పడతారు. నాకింకా రాలేదు."

నిజం రాసి రోడ్డు మీద నిలబడమంటానా? ఆ పిల్ల మీద నాకు ఇసుమంతైనా కోపం రాలేదు. ఇరవై ఏళ్ల పిల్ల చేత, కష్టపడి నేర్చుకున్నదాన్ని మింగేసి తప్పు రాసేలా చేసిన వాళ్లందరి మీదా వచ్చింది. ఎగ్జామినర్ మీద, నవ్వు బొమ్మ పెట్టినవాడి మీద, తాళం వేసినవాళ్ల మీద, మంచినీళ్లు పోసే మా హెచ్‌ఓడీ మీద. వరసపెట్టి అందరినీ మనసులో కడిగేశాను. నోటితో మాత్రం "నీ ఇష్టమమ్మా" అన్నాను.

సప్లిమెంటరీ రోజు నేనూ అదే గదిలో ఉన్నాను. తను పేజీలో ఉన్నది ఉన్నట్టు రాసింది. ఎగ్జామినర్ ప్రింటు తీసి పోల్చి చూశాడు. "చూశావా, చదివితే ఎంత బాగా రాశావో" అని సంతకం పెట్టి కంప్యూటర్ దగ్గరకు పంపాడు. తను ప్రోగ్రాం కొట్టి నడిపింది. కంప్యూటర్‌కు భయం లేదు కదా, ఉన్న నిజం తెర మీద పెట్టింది. రైటప్‌లో ఒకటి, తెర మీద ఇంకొకటి.

"సార్, వేరేగా వచ్చింది" అంది తను, చిన్నగా.

ఆయన వచ్చి వంగి చూశాడు. కాగితం చూశాడు. మళ్లీ తెర చూశాడు. "ఈ సిస్టమ్‌లు పాతవమ్మా" అన్నాడు. "రైటప్ కరెక్ట్‌గా ఉందిగా, పర్లేదు." పాస్ మార్కులు వేశాడు.

నా నోటిదాకా వచ్చింది. ఆ కాగితం లాక్కుని, ఆ తెరకేసి ఆయన తల తిప్పి, ఇప్పుడు చదవవయ్యా అనాలనిపించింది. ఆ పిల్ల నా వైపు చూసింది. వద్దు మేడం అని ఆ కళ్లు అడిగాయి. నోరు మూసుకుని కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. అంత కోపాన్ని నేను ఎప్పుడూ మింగలేదు.

తను ఉద్యోగంలో చేరింది. వాళ్ల నాన్న కాలేజీకి వచ్చి అందరికీ స్వీట్లు పంచాడు. "మీరు చెప్పిన చదువే మేడం" అన్నాడు నాతో. ఇచ్చిన స్వీటు తీసుకుని తిన్నాను.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు హెచ్‌ఓడీ ఉత్సాహంగా నా బల్ల దగ్గరకు వచ్చాడు. చేతిలో ప్రింటు. "మేడం, ఈ కమాండ్ గురించి వాళ్లు పేజీ అప్‌డేట్ చేశారు. పాత జాబితా కూడా మారిపోతుందట. ఇకనుంచి పిల్లలకు ఇట్లా చెప్పండి."

ఇట్లా చెప్పండట! నాకు! ఆయన మొహంలో వెటకారం వెతికాను, లేదు. ఆయన నిజంగానే మర్చిపోయాడు. లేదా మర్చిపోవడం ఆయనకు సుఖంగా ఉంది.

పేజీ తెరిచి చూశాను. నేను రాసిన ఆ రెండు వాక్యాలే. అక్షరం తేడా లేదు, నేను పెట్టిన కామా కూడా అక్కడే ఉంది. ఎవరు మార్చారో పేజీ చరిత్రలో ఉంటుంది, నొక్కాను. మా పిడుగురాళ్ల పిల్ల పేరు. పంపిన పూటే ఒప్పుకున్నారు. ధన్యవాదాలు, చాలా ఉపయోగకరమైన సవరణ అని కింద రాశారు, అదే నవ్వు బొమ్మవాడు.

ఫోన్ చేశాను. "ఏమే, ఏం మంత్రం వేశావే?" అన్నాను.

"మంత్రమేం లేదు మేడం. మీరు పంపింది ఆ తాళం వేసిన చర్చలోనే ఉంది, అదే తీసి మళ్లీ పంపా. మా కంపెనీ మెయిల్ నుంచి పంపా, అంతే." మళ్లీ తనే అంది, "ఉద్యోగంలో చేరిన మొదటి వారమే పంపేదాన్ని మేడం. ట్రైనింగ్ అయ్యాక గానీ కంపెనీ మెయిల్ ఇవ్వలేదు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల చేసిన పనికి గర్వంతో సగం. మిగతా సగం కోపమే. అవే వాక్యాలు నేను పంపితే పాఠాలు చదువుకోమన్నారు. కంపెనీ చిరునామా నుంచి వెళితే ధన్యవాదాలు చెప్పారు.

ఈ మధ్య మళ్లీ ప్రాక్టికల్ పరీక్షలు జరిగాయి. ఆ ఎగ్జామినరే వచ్చాడు. ఆ ప్రశ్న ఇంకో అమ్మాయికి పడింది. పాత జాబితా మారిపోతుందని రాసి ఇచ్చింది. ఆయన సంచిలోంచి కొత్త ప్రింటు తీసి, వేలు పెట్టి చదివి, సంతోషంగా సంతకం పెట్టాడు. ఆ పిల్ల వెళ్లి ప్రోగ్రాం నడిపి, "సార్, అవుట్‌పుట్ చూడండి" అని పిలిచింది.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. "వచ్చే ఉంటుంది లేమ్మా" అన్నాడు, "పేజీలో ఉందిగా."